సునీతక్క బిగబట్టిన ఊపిరి

స్విమ్మింగ్ పూల్‌లో క్లోరిన్ వాసన తగిలితే చాలు, నా నాలుక ఇప్పటికీ పీకేసిన దవడ పన్ను చోటు వెతుక్కుంటుంది.

అది కరోనా ఏడు. నాకు పన్నెండేళ్లు. సూరత్‌లో కోసాడ్ క్వార్టర్లలో ఉండేవాళ్లం. పన్ను నొప్పితో రాత్రీపగలూ ఏడ్చేదాన్ని, పళ్ల దవాఖానాలేమో అన్నీ మూసేశారు. పక్క బిల్డింగు సునీతక్క ఒకప్పుడు యూనివర్సిటీ ఈత ఛాంపియన్, అప్పటికి పళ్ల డాక్టరు. నాకోసం క్లినిక్ షట్టర్ సగం ఎత్తింది. బ్లీచింగు నీళ్లతో కుర్చీ తుడిచి, మాస్కు మీద తన పాత ఈత కళ్లద్దాలు పెట్టుకుంది.

"నోరు తెరువు బిడ్డా, జర ఓర్చుకో."

కిటికీ దగ్గరికి పోయి గుండెల నిండా గాలి పీల్చుకునేది. ఊపిరి బిగబట్టి నా పన్ను కదిలించి, మళ్లీ కిటికీకి పరుగెత్తేది. అట్లా ఎన్నిసార్లో.

నా నోరు అంత కంపు కొడుతోందా అని సిగ్గుతో చచ్చిపోయాను. ఆర్నెల్లు రోజుకు నాలుగుసార్లు పళ్లు తోమాను. "ఏందే, పేస్టు తింటున్నవా?" అని అమ్మ తిట్టేది.

మొన్న ఈత నేర్చుకోను పోతూ ఆ సంగతి అమ్మకు చెప్పాను.

"గప్పుడు సునీతకు మూడు నెలల పాప ఉండె. భయంతోని ఎవ్వలకూ షట్టర్ తియ్యలే. నీ ఏడ్పు ఇనలేక వచ్చింది" అంది.

పూల్‌లో తల ముంచి ఊపిరి బిగబట్టాను. ఇరవై లెక్కపెట్టేలోపే భయమేసి పైకి లేచాను. మళ్లీ మునగబుద్ధి కాలేదు.

ఆ రోజు సునీతక్క మాత్రం నా పన్ను ఊడేదాకా మునుగుతూనే ఉంది.