ఆ పాటలో కాలి దెబ్బ మా తాతయ్యది

ఇన్నేళ్లుగా ఈ సంగతి చెబుతూనే ఉన్నాను, ఒక్కరూ చెవిన పెట్టలేదు. రేడియోవాళ్లకు రాశాను, ఆ పాట కట్టిన బ్యాండు ఆఫీసుకు రాశాను, చివరికి మనవాళ్ల ఉగాది సభలో మైకు దొరికితే మొదలుపెట్టానో లేదో, భోజనాలు చల్లారిపోతున్నాయంటూ లాగేసుకున్నారు. మొన్న ఫోర్-ఓ-వన్ హైవే మీద మిస్సిసాగా వస్తుంటే కారు రేడియోలో మళ్లీ ఆ పాట, ఆ వెంటనే దాన్ని కట్టిన గిటారువాడి మాటలు. రిహార్సల్‌లో డ్రమ్ములవాడి కర్ర విరిగిందట, వాడు విసుగుతో కాలు నేలకేసి కొట్టాడట, ఆ పాటకు అంత పేరు తెచ్చిన దెబ్బ అలా పుట్టిందట.

శుద్ధ అబద్ధం. ఆ రిహార్సల్‌లో నేనున్నాను.

కెనడా వచ్చి, గ్వెల్ఫ్‌లో కారు విడిభాగాల ఫ్యాక్టరీలో చేరిన కొత్తలో నేను అద్దెకున్న ఇంటావిడ కొడుకే ఆ గిటారువాడు. వాడూ వాడి స్నేహితులూ కళ్లకు కాటుక, పెదాలకు రంగు, ఒంటికి అతుక్కుపోయిన తళుకుల ప్యాంట్లు వేసుకుని, స్ప్రే కొట్టి జుట్టును గంపంత చేసుకుని గరాజులో హోరెత్తించేవారు. మన వీధి నాటకాల్లో ఆడవేషగాళ్లు నయం, కనీసం రాగం తీసేవారు. ఒక ఆదివారం బెంగగా ఉండి, ఊరినుంచి తెచ్చుకున్న భజన చెక్కలు తీసి గదిలో తాళం వాయించుకుంటుంటే, ఇంటావిడ కొడుకు మెట్లెక్కి వచ్చి, గుమ్మంలో నిలబడి విని, మాకూ నేర్పమన్నాడు.

మా తాతయ్య చెక్కభజన గురువు. అందరూ చరణం చివరి దెబ్బ కూడా చెక్కలతోనే వేస్తే, ఆయన దళం మాత్రం అక్కడ చెక్కలు ఆపేసి, ఒక్క క్షణం ఊరంతా ఊపిరి బిగబట్టాక, గజ్జె కట్టిన కుడికాలితో నేల అదిరేలా వేసేది. అదే నేర్పాను వాళ్లకు. గరాజులో గుండ్రంగా నిలబెట్టి, తొందరపడి కాలు వేసినవాడి పిక్క మీద మా తాతయ్య లాగే చెక్కతో ఒకటి తగిలించాను. డ్రమ్ములవాడికి ఎన్ని తగిలాయో వాడి పిక్కలనే అడగాలి! వాళ్లకు ఆ దెబ్బ పట్టుబడిన రోజు ఇంటావిడ కొడుకు నన్ను కౌగిలించుకుని, రికార్డు అట్ట మీద మీ తాతయ్య పేరు వేస్తామని తల్లి ముందే మాటిచ్చాడు.

రికార్డు వచ్చింది. అట్ట మీద వాళ్ల జుట్టు దువ్విన అమ్మాయికి కృతజ్ఞతలున్నాయి, వాళ్ల కుక్కకు కూడా ఉన్నాయి.

ఆ ఎండాకాలమంతా ఫ్యాక్టరీ రేడియోలో ఆ పాట హిట్ల జాబితాలో వారం వారం పైకి ఎగబాకుతుంటే నాకు కడుపు మండిపోయేది. మొదటి స్థానానికి చేరిన రోజు ఫ్యాక్టరీలో అందరూ బూట్లతో నేల మీద ఆ దెబ్బ వేశారు. అది మా తాతయ్యదిరా అంటే మా ఫోర్‌మన్, "షూర్, షూర్! మరి మీ తాతకి కూడా లిప్‌స్టిక్ ఉండేదా?" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. నేను మరిచిపోలేదు.

ఇంట్లోనూ అంతే. మొన్న కారు దిగగానే చెబితే మా ఆవిడ, "మళ్లీ మొదలెట్టారా మీ కాలి కేసు?" అంది. మా అమ్మాయి ఫోన్లోంచి తలెత్తకుండా, "నాన్నా, ఇట్స్ జస్ట్ ఎ బీట్, లెట్ ఇట్ గో" అంది.

ఎలా వదిలెయ్యను? తాతయ్య పోయాక దళం చెదిరిపోయింది. ఇప్పుడు మా ఊళ్లో చెక్కలు పట్టేవాళ్లు లేరు, ఆ రోజుల్లో ఆయన భజనను టేపు మీదికి ఎక్కించినవాళ్లూ లేరు. ఒకప్పుడు వెన్నెల్లో మట్టినేలను అదిరించిన ఆ కాలు ఈరోజు వినిపించేది, నేను అసహ్యించుకునే ఆ ఒక్క పాటలోనే. అది వస్తే రేడియో కట్టెయ్యాలని చెయ్యి వెళ్తుంది, చరణం చివరి దాకా ఆగుతుంది, ఆ దెబ్బ పడ్డాకే కడుతుంది.

ఇంటావిడ కొడుకా, నువ్వింకా బతికే ఉన్నావు, రేడియోలో నీ గొంతు విన్నాను. నాకు నీ క్షమాపణ అక్కర్లేదు. కర్ర విరగలేదని నీకూ తెలుసు, నీ పిక్కకూ తెలుసు. అదే రేడియోలో, అదే గొంతుతో చెప్పు: ఆ కాలు ఎవరిది?