ఫ్యాన్ ఊగాక టీ

ఈ సాయంత్రం మా ఇంట్లో ఫ్యాన్ ఊగింది. స్విచ్ వేసి లేదు కాబట్టి భూకంపమే. మా దీవిలో, ఈ బ్రూక్షాబాద్‌లో, మా వీధికి ఇది కొత్తేం కాదు. అందరం రోడ్డు మీదికి వచ్చి, సునామీ హెచ్చరిక ఏమైనా ఉందా అని ఫోన్లు చూసుకుని, పక్కింటి పార్వతి దీదీ పెట్టే టీ తాగి లోపలికి వెళ్తాం.

ఈసారి టీ మీద ఆశ లేదు. వానాకాలం మొదట్లో దీదీ భర్త పోయారు. అప్పటి నుంచి ఆవిడ గడప దాటలేదు. ఎవరు పలకరించినా "నాను బతికేటి సేత్తాను?" అనే మాటే. ధైర్యం చెబుదామని వెళ్ళిన వాళ్ళందరం ఫోన్లో చదివిన మంచి మాటలు అప్పజెప్పి వచ్చాం.

తీరా నేను చెప్పులేసుకుని బయటికి వచ్చేసరికి, అందరికంటే ముందు రోడ్డు మధ్యలో నిలబడి ఉన్నది ఆవిడే. వస్తూ వస్తూ గ్యాస్ కూడా కట్టేసి వచ్చారట.

"దీదీ, మీరే ఫస్టా?" అని నోరు జారాను.

ఆవిడ తన కాళ్ళకేసి చూసుకున్నారు. "ఏమో తల్లీ, ఈ కాళ్ళు నన్నడగనేదు, పరిగెట్టీసినాయి," అన్నారు. తర్వాత మా అందరి వైపూ చూసి, "అరే, అలా నిలబడిపోనారేటి? ఇంట్లో పాలు నేవు. ఎవరో ఒకలు పట్టుకురండి, జల్దీ!"

ముగ్గురం పరిగెత్తాం. టీలో పంచదార ఎక్కువైంది. అయినా గ్లాసు అడుగుదాకా తాగాం.

మేం ఇన్నాళ్ళు చెప్పిన ధైర్యం కంటే ఆ ఒక్క ఊపే నయం. మీ ఊళ్ళో భూకంపాలు రావు కదా, మరి మీరెలా నెట్టుకొస్తున్నారు?