కెరటానికి వీపు చూపిన ఉదయం

ఆ సముద్రపు ఊరి బడికి టీచరుగా వెళ్ళిన మొదటి వారంలోనే కెరటం నా చెప్పులు రెండూ పట్టుకుపోయింది. తప్పు నాదే. సెల్ఫీ బాగా వస్తుందని సముద్రానికి వీపు పెట్టి నిలబడ్డాను. మాది కోటబొమ్మాళి దగ్గర వరి పండించే ఊరు. సముద్రం మాకు పెద్ద దూరమేమీ కాదు గానీ, మా ఇంట్లో దానితో ఎవరికీ పని పడలేదు. మేం చూస్తే ఆకాశం కేసి చూసేవాళ్ళం, అదీ వాన కోసం. నీళ్ళు వెనకనుంచి కూడా వస్తాయని నాకు తట్టలేదు.

మోకాళ్ళదాకా తడిసి, ఒట్టికాళ్ళతో ఇంటికి చేరితే, నేను అద్దెకున్న ఇంటి తాత నవ్వలేదు, కోప్పడ్డాడు. ఆ ఊళ్ళో ఎవరూ కెరటానికి వీపు చూపించరట. తరవాత గమనిస్తే నిజమే. నీళ్ళలోంచి వచ్చే మగవాళ్ళూ, చేపల గంపలెత్తుకున్న ఆడవాళ్ళూ తడి ఇసుక దాటేవరకు పక్కవాటుగా, ఒక కన్ను సముద్రం మీదే ఉంచి నడుస్తారు. పొడి ఇసుక మీద కాలు పడ్డాకే ఊరివైపు తిరుగుతారు. ఇది భయమా, భక్తా అని తాతని అడిగాను. రెండూ కాదన్నాడు. వచ్చేదాన్ని చూడకపోతే ఎలా అన్నాడు.

తాతకి డెబ్బై దాటి ఉంటాయి. వేట మానేసి చాలా కాలమైంది, పడవ కొడుకు నడుపుతున్నాడు. కానీ పడవ ఎప్పుడు దిగాలో, ఎంత దూరం పోవచ్చో చెప్పేది తాతే. రోజూ తెల్లవారగానే తీరానికి వెళ్ళి, చీలమండలు మునిగేంత నీళ్ళలో తూర్పుముఖంగా నిలబడి, కళ్ళు మూసుకుని వినేవాడు. పొడి ఇసుక మీద నిలబడితే కోళ్ళూ, ఆటోలూ, మోటారు పంపులూ చెవిలో పడతాయట. అమావాస్యకీ పౌర్ణమికీ మాత్రం ఇంకాస్త ఎక్కువసేపు నిలబడి, రాబోయే పదిహేను రోజులు సముద్రం ఎలా ఉంటుందో చెప్పేవాడు. హోరు దక్షిణం పక్కనుంచి వస్తే కెరటం లావుగా ఉన్నా నమ్మొచ్చు, దాని వరస తెలుస్తుంది. ఉత్తరం పక్కనుంచి వస్తే గాలి తిరుగుతోందని అర్థం, ఆ పక్షం దూరం పోకూడదు. ఇది తాత లెక్క.

నాకు ఎవరైనా ఏదైనా చెబితే సరిచూసుకునేదాకా మనసు ఊరుకోదు. మా అమ్మ దీన్ని తిక్క అంటుంది. రెండు వందల పేజీల నోటుపుస్తకం ఒకటి కొని మూడు గళ్ళు గీశాను. మొదటిది ఫోను చెప్పింది, రెండోది తాత చెప్పింది, మూడోది జరిగింది. ఆ రోజుల్లో మా ఇంటి డాబా మీద, నీళ్ళ ట్యాంకు పక్కన ఒక్కచోటే సిగ్నల్ అందేది. రోజూ పొద్దున్న అక్కడ నిలబడి ఒక సైటు చూసేదాన్ని. అది వేటకు పోయేవాళ్ళ కోసం పెట్టింది కాదు. ఎక్కడెక్కడి దేశాల్లోనో చెక్కపలక మీద నిలబడి కెరటాల మీద జారే సరదా ఉన్నవాళ్ళ కోసం పెట్టింది. అందులో మా తీరం ఎలా చేరిందో ఇప్పటికీ తెలీదు. కెరటం ఎత్తు, కెరటానికీ కెరటానికీ మధ్య ఎన్ని సెకన్లు, ఏ దిక్కునుంచి వస్తోందో చూపే బాణం గుర్తు, గాలి, వాన, అన్నీ రెండు వారాలకి సరిపడా వరసగా ఉండేవి. కెరటాలు బాగా లేచే రోజుకి ఎక్కువ నక్షత్రాలు ఇచ్చేవాళ్ళు.

తాతకి అది చదివి వినిపించాను. "కెరటం లెగిస్తే మంచి రోజేటి? ఆళ్ళకి పనీ పాటా నేదా?" అన్నాడు. అప్పటినుంచి మా ఇద్దరి లెక్కలో నక్షత్రాలు ఎక్కువున్న రోజు చెడ్డరోజు. నేను డాబా దిగి వచ్చేసరికి తాత గుమ్మంలో కూర్చుని, ఈవేళ చుక్కలెన్ని అని అడిగేవాడు. ఆయనకీ ఆ చెక్క మనుషుల మీద ఆసక్తి పుట్టింది. వాళ్ళు పెళ్ళాం పిల్లల్తో వస్తారా, పడిపోతే ఎవరు తీస్తారు, సాయంత్రం ఇంటికి ఏం పట్టుకెళ్తారు అని అడిగేవాడు. ఏమీ పట్టుకెళ్ళరని చెబితే నమ్మలేదు.

చలికాలంలో మొదలుపెట్టిన ఆ పుస్తకం వేసవి దాటి వానల్లోకి వచ్చింది. ఇద్దరూ తప్పులు చేసేవాళ్ళు. ఫోను పొద్దున్న ఒకటి చెప్పి సాయంత్రానికి మాట మార్చేది. తాత మాట మార్చేవాడు కాదు, తప్పయితే తప్పే. ఉరుముల విషయంలో తాతదే పైచేయి. కెరటం ఎత్తులో ఫోనుదే. ఎవరు గెలుస్తున్నారని కొడుకు అప్పుడప్పుడూ వచ్చి అడిగేవాడు. నాకు లోలోపల తాత ఓడిపోవాలని ఉండేది, ఆ మాట ఒప్పుకోవాలి. అంత నమ్మకంగా చెప్పే మనిషి ఎదుట నాకు ఊరికే ఒళ్ళు మండుతుంది.

దసరా సెలవులు గడిపి వచ్చిన రోజు పౌర్ణమి. తాత పొద్దున్నే నిలబడి విని, హోరు దక్షిణానిదే, దీపావళి వరకు భయం లేదని చెప్పేశాడు. కొడుకు ఇంకో ముగ్గురిని వెంటబెట్టుకుని మూడు రోజుల వేటకి, బాగా దూరం పోవడానికి సిద్ధమయ్యాడు. బయలుదేరేది ఎల్లుండి తెల్లవారుజామున. నేను డాబా ఎక్కి చూస్తే ఫోనులో బాణం ఈశాన్యం నుంచి తిరిగి ఉంది. నాలుగో రోజుకి నక్షత్రాలు నిండుగా ఉన్నాయి.

ఈసారి తాత తప్పక ఓడతాడని హుషారుగా పుస్తకం మొదటినుంచి తిరగేశాను. ఆ హుషారు పావుగంట కూడా నిలవలేదు. చలికాలపు పేజీల్లో తాత గడిలో ఉత్తరం, దక్షిణం రెండూ ఉన్నాయి. వేసవి మధ్యలో ఒకచోట ఉత్తరం అన్న మాట ఆగిపోయింది. ఆ తరవాత నా చేతిరాతలో అది ఒక్కసారి కూడా లేదు. వానాకాలమంతా కెరటం నిజంగానే దక్షిణంనుంచే వస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. గాలి మళ్ళే రోజులు ఇప్పుడు వచ్చాయి, తాత మాత్రం ఇంకా దక్షిణమే అంటున్నాడు.

పుస్తకం మూసి తీరానికి నడిచాను. తాత నిలబడే చోటే, ఆయన నిలబడినట్టే తూర్పుకి తిరిగి నిలబడ్డాను. ఎడమచేతి వైపు ఉత్తరం, కుడిచేతి వైపు దక్షిణం. కళ్ళు మూసుకుంటే హోరు ఎడమవైపునుంచే వస్తోంది, నాలాంటిదానికే తెలిసిపోతోంది. అరచేత్తో ఎడమ చెవి గట్టిగా మూశాను. హోరంతా కుడివైపుకి వచ్చేసింది. చెయ్యి తీస్తే ఎడమకి, మూస్తే కుడికి. పది పన్నెండుసార్లు అలా చేసి చూశాను. తాతది మొండితనం కాదు. ఆయన ఎడమ చెవి పోయింది, అంతే.

అప్పుడు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. తాత భార్య, మామ్మ, ఈ మధ్య ఆయన కుడిపక్కకి వచ్చి గానీ మాట్లాడదు. కంచం కుడివైపునుంచి పెడుతుంది. వేసవిలో మంచం తల మార్చి వేసింది, ఎందుకంటే గాలి కోసమంది. ఇంటికెళ్ళి మామ్మని వంటింట్లో పట్టుకుని అడిగేశాను. ఆమె చేప తోముతున్న చెయ్యి ఆపలేదు. "ఆ ముసిలోడికి సెవి పోనాదని సెప్తే ఇంకేటి మిగుల్తాది?" అంది. కొడుకు వెళ్తున్నాడు కదా అంటే మాత్రం చెయ్యి ఆగింది. నా వైపు చూసి, నువ్వే చెప్పమంది.

ముందు కొడుకు దగ్గరికి వెళ్ళాను. తండ్రికి చెప్పకుండా ఆయన చెవి సంగతి కొడుక్కి చెప్పడానికి నోరు రాలేదు. ఫోను వేరేలా చెబుతోందని మాత్రం అన్నాను. ఫోను గంటకో మాట చెబుతుందని నేనే కదా అన్నానని గుర్తుచేశాడు. "మా అయ్య సెప్పినాక మరేటుంటాది, పంతులమ్మా?" అన్నాడు. ఇన్నాళ్ళు ఫోను తప్పుల్ని అతనికి చెప్పి నవ్వించింది నేనే. నా మాటే నాకు అడ్డొచ్చింది.

మర్నాడు సాయంత్రం తాత అరుగుమీద వల బాగుచేస్తుంటే ఎడమపక్కన కూర్చుని మెల్లగా పిలిచాను. పలకలేదు. మళ్ళీ పిలిచాను. చెయ్యి వలమీదే ఉంది. మనిషికి తెలియకుండా మనిషిని పరీక్షించినందుకు సిగ్గేసింది. లేచి కుడిపక్కకి వెళ్ళి, పుస్తకం విప్పి, చలికాలంనుంచి తాత గడి మొత్తం చదివి వినిపించాను. ఉత్తరం ఆగిపోయిన చోట వేలు పెట్టి చూపించాను. ఆయనకి చదువు రాదు, అయినా నా వేలికేసి చూశాడు. ఊరివైపు తిరిగి నిలబడితే కుడిచెవి ఉత్తరానికి వస్తుందని, ఇటోసారి అటోసారి తిరిగి ఎటు ఎక్కువ వినబడుతోందో చూసుకుంటే చాలని చెప్పాను. పాఠం చెప్పినట్టే చెప్పాను, నాకు వేరేలా రాదు.

తాత వల పక్కన పెట్టాడు. "అంటే, కెరటానికి నా ఈపు సూపమంటన్నావు," అన్నాడు.

లేచి వీధిలోకి వెళ్ళిపోయాడు. అన్నానికి మామ్మ పిలిచినా పలకలేదు. ఈసారి చెవి వల్ల కాదు. ఒక ముసలాయన పరువు తీసి, పడవను కూడా ఆపలేకపోయానని నామీద నాకే అసహ్యం వేసింది.

తెల్లవారుతుండగా కిటికీ దగ్గర దగ్గు వినబడింది. చూస్తే తాత, తలపాగా చుట్టుకుని, చొక్కా వేసుకుని. మామూలుగా ఆయన చొక్కా వెయ్యడు.

"రా, పంతులమ్మా. నా ఈపు నువ్వు సూసుకోవాల," అన్నాడు.

మేం వెళ్ళేసరికి కొడుకూ, మిగతా ముగ్గురూ పడవలోకి ఐసు పెట్టె ఎక్కిస్తున్నారు. తాత పడవ దాటి పోయాడు. రోజూ నిలబడేచోటికి నడిచి, ముందు తూర్పుముఖంగా నిలబడి కళ్ళు మూసుకుని విన్నాడు. తరవాత కళ్ళు తెరిచి నాకేసి చూశాడు. నేను ఆయన్ని దాటి రెండడుగులు నీళ్ళలోకి వెళ్ళి, సముద్రం కేసి తిరిగి నిలబడ్డాను. నా వెనకాల ఆయన తిరిగిన చప్పుడు నీళ్ళలో తెలిసింది. పడవ దగ్గరున్న నలుగురూ ఇటు తిరిగారు. డెబ్బై ఏళ్ళలో ఆ మనిషి అలా నిలబడటం ఆ ఊళ్ళో ఎవరూ చూసి ఉండరు.

"వస్తే సెప్పు," అన్నాడు.

రెండు వారాల సముద్రాన్ని రోజూ చదివి వినిపించినదాన్ని, ఆ ఒక్క కెరటం ఎప్పుడు వస్తుందో చెప్పడం నాకు చేతకాలేదు. సైట్లో చూసిన సెకన్ల లెక్క ఒక్కటీ గుర్తుకు రాలేదు. ఒకటి వచ్చి నా కాళ్ళ దగ్గర విరిగింది. ఇంకోటి మోకాళ్ళదాకా వచ్చింది. మూడోది దూరంనుంచే నల్లగా లేచింది. వస్తోంది తాతా అన్నాను. ఆయన కదల్లేదు, ఇంకా వింటున్నాడు. పక్కకి తప్పుకుందామని కాళ్ళు లాగాయి, కానీ నేను తప్పుకుంటే అది నేరుగా ఆయనకే తగులుతుంది. కాళ్ళు ఇసుకలో తొక్కిపట్టి నిలబడ్డాను. నడుముదాకా కొట్టి, చీర కుచ్చెళ్ళు లాక్కుని వెనక్కి పోయింది.

"ఉత్తరమే," అన్నాడు తాత. నాకొక్కదానికే వినబడేలా, "వేసవి కాణ్ణుంచి ఆ పక్క సముద్రం ఊరుకున్నాది అనుకున్నాను," అన్నాడు.

తరవాత గొంతెత్తి కొడుకుని పిలిచి పడవ పైకి లాగమన్నాడు. నలుగురూ ఐసు పెట్టె దించి, పడవని వరసలో అన్నిటికంటే పైకి, సరుగుడు చెట్ల దాకా లాగేశారు. చూసి మిగతా పడవలవాళ్ళూ లాగారు. రెండు రోజుల తరవాత ఈశాన్యపు గాలి అందుకుంది. నీళ్ళు పడవలు మామూలుగా నిలిపే చోటు దాటి వచ్చాయి. ఈసారి ఫోనూ తాతా ఒకే మాట చెప్పినట్టయింది, కానీ ఎవరు గెలిచారని ఎవరూ అడగలేదు, నేనూ రాసుకోలేదు. బదిలీ అయ్యేవరకు రోజూ పొద్దున్న డాబా ఎక్కడం మానేసి ఆయన వెనకాల నిలబడ్డాను.

ఆ మొదటి రోజు మాత్రం, పడవ పైకి చేరాక, ఇద్దరం అలవాటు ప్రకారం పక్కవాటుగా నడుచుకుంటూ పొడి ఇసుకమీదికి వచ్చాం. నా చీర నీళ్ళు కారుతోంది, పళ్ళు కటకటలాడుతున్నాయి. తాత ఆగి, చెయ్యి వెనక్కి పెట్టి చొక్కా తడిమి చూసుకున్నాడు. మళ్ళీ ఇంకోసారి తడిమాడు.

"నా ఈపు తడవనేదు, పంతులమ్మా," అన్నాడు.