స్విచ్చి బాబాయి కారణాల ఫైలు

బస్సు డిపోలో ఆయన్ని అందరూ స్విచ్చి బాబాయి అంటారు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప మరెక్కడా కనిపించదు. గదిలోంచి బయటికి వెళ్తూ లైటూ ఫ్యానూ ఆపకుండా వెళ్లడం ఆయన వల్ల కాదు. లోపల మనుషులున్నారా లేదా అన్నది ఆ చేతికి పట్టదు. ఒకసారి మేనేజరు గదిలో మీటింగు జరుగుతుండగా తను చెప్పాల్సిన నాలుగు ముక్కలూ చెప్పేసి, వస్తూ వస్తూ ఫ్యాన్లన్నీ ఆపేసి వచ్చాడు. లోపల ఏడుగురు చెమటలు కక్కుతూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

నిజానికి ఆ అలవాటు ఆయనది కాదు, డిపోది. ఆయన చేరిన కొత్తలో ఉన్న పెద్ద మేనేజరు, చివర వెళ్లేవాళ్లు అన్నీ ఆపి వెళ్లాలని ప్రతి తలుపు పక్కనా ఎర్ర రంగుతో రాయించాడు. రంగు వెలిసిపోయింది, రాయించినాయన రిటైరయ్యాడు, మిగిలినవాళ్లంతా హాయిగా మరిచిపోయారు. ఈయన చెయ్యి మాత్రం మరిచిపోలేదు.

మొదట పదకొండేళ్లు బస్సు నడిపాడు. ఓ ఏడాది కంటి పరీక్షలో తప్పితే స్టీరింగు ముందు నుంచి లేపి చార్టు గదిలో కూర్చోబెట్టారు. కొత్తలో బయట ఏ బస్సు స్టార్టయినా బల్ల కింద ఆయన కుడికాలు దానంతట అదే కదిలేది. ఆ దిగులు తీరడానికి ఏడాది పట్టింది. తర్వాత ఇరవై రెండేళ్లుగా అదే గది, అదే కుర్చీ. వారానికోసారి డ్యూటీ చార్టు వెయ్యాలి. ఏ డ్రైవరు, ఏ కండక్టరు, ఏ బస్సు, ఏ షిఫ్టు అని నూట నలభై మందికి లెక్క కుదర్చాలి. శనివారం సాయంత్రం దాన్ని బోర్డుకి అంటించి, పక్కనే నిలబడి తిట్లు తినాలి.

కాకపోతే, ఈయన చార్టుకి తిట్లు తక్కువే. దానికి కారణం కంప్యూటర్లో ఉన్న ఇంకో ఫైలు. ఆ ఫైలుకి ఆయన పెట్టుకున్న పేరు 'కారణాలు'. ఎవరికి ఏ డ్యూటీ వెయ్యాలో, ఎవరికి వెయ్యకూడదో, ఎందుకో అందులో ఉంటుంది. పొడుగు డ్రైవరు తల్లి మంచం మీద ఉంది, మధ్యాహ్నానికల్లా ఇల్లు చేరాలి కాబట్టి అతనికి ఫస్టు షిఫ్టు. కళ్లద్దాల కండక్టరమ్మకి చిన్న పిల్లాడున్నాడు, రాత్రి బస్సుతో పాటు వేరే ఊళ్లో ఉండిపోయే నైట్ హాల్టు వద్దు. ఇంకో డ్రైవరుకి నడుం నొప్పి, ఘాట్ రోడ్డు వద్దు. బట్టతల డ్రైవరునీ మీసాల కండక్టరునీ ఒకే బస్సు ఎక్కించకూడదు. ఎనిమిదేళ్ల కిందట బస్సు కిటికీ అద్దం పగిలితే తప్పు నీదంటే నీదని కొట్టుకున్నారు, అప్పట్నుంచీ మాటల్లేవు. ఇలా ముప్పై ఒక్క మంది. ఏ రూల్సు పుస్తకంలోనూ లేని ముప్పై ఒక్క సర్దుబాట్లు. బోర్డు మీది చార్టు చూస్తే ఎవరు ఎప్పుడో తెలుస్తుంది గానీ ఎందుకో తెలియదు.

ఒక గురువారం పొద్దున్న కంప్యూటర్ మొండికేసింది. నల్లటి తెర మీద ఒక్క ఇంగ్లీషు ముక్క వచ్చి నిలబడిపోయింది. లోపల్నుంచి టక్ టక్ మని చప్పుడు.

మేనేజరు వచ్చి చూశాడు. వచ్చి రెండు నెలలైన మనిషి, చెడ్డవాడేం కాదు, కాస్త తొందర ఎక్కువ. "మంచిదే అయింది లెండి. హెడ్డాఫీసు కొత్త సాఫ్ట్‌వేరు పంపింది, ఇక చార్టు అదే వేస్తుంది. దీన్ని ఫార్మాట్ కొట్టించేద్దాం."

"సార్, అందులో నా ఫైలుంది."

"ఏం ఫైలు?"

బాబాయి చెప్పాడు. మేనేజరు వాచీ చూసుకున్నాడు. "సరే. రేపు సాయంత్రానికి లిస్టివ్వండి. ఎవరు, ఏం కావాలి, ఎందుకు. అవి కూడా ఎక్కించేస్తాను. లిస్టు రాలేదంటే మాత్రం అందరికీ ఒకటే రొటేషను. ఆ తర్వాత నేనేం చెయ్యలేను."

బాబాయి తిన్నగా పక్క గదికి నడిచాడు. అక్కడ టికెట్ మిషన్లు బాగుచేసే మెకానిక్కమ్మ ఉంటుంది. ఇద్దరు పిల్లల తల్లి, మాట దురుసు, చెయ్యి చల్లన. వచ్చి చప్పుడు విని పెదవి విరిచింది.

"లోపలి సిస్టం పాడైంది బాబాయ్. డిస్కు కూడా చావుబతుకుల్లో ఉంది. ఫార్మాట్ కొట్టారో, మీ ఫైలు హుళక్కి."

"మరెలా తల్లీ?"

ఆమె తన సొరుగులోంచి కాగితం కవర్లో ఉన్న సీడీ ఒకటి తెచ్చింది. "ఇది లినక్స్ లైవ్ సీడీ. దీన్ని డిస్కులోకి ఎక్కించక్కర్లేదు. సీడీలోంచే కంప్యూటర్ లేస్తుంది. మనింట్లో గ్యాసయిపోతే పక్కింటి పొయ్యి మీద వండుకుంటాం చూడండి, అలాగ. పొయ్యి వాళ్లది, కూర మనది."

సీడీ లోపల పెట్టి, కంప్యూటర్ ఆపి మళ్లీ వేస్తూ కీబోర్డు పైవరసలో ఒక మీట టపటపా కొట్టింది. డిస్కు బదులు ముందు సీడీని చూడమని కంప్యూటర్‌కి చెప్పింది. సీడీ గిర్రున తిరగడం మొదలుపెట్టింది. అది లేచేసరికి ఒక టీ తాగి రావచ్చు. కానీ బాబాయి కదల్లేదు. తెర మీద భాషల జాబితా వచ్చింది. అందులో తెలుగు కనపడగానే, "మనది కూడా ఉందే!" అని చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. తర్వాత రెండు గడులు వచ్చాయి.

"ఇక్కడే ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి," అంది మెకానిక్కమ్మ. "'ప్రయత్నించు' నొక్కితే ఏ నష్టం లేదు, ఊరికే వాడి చూడటమే. 'స్థాపించు' నొక్కితే మాత్రం డిస్కంతా తుడిచి కూర్చుంటుంది. మీరే నొక్కండి."

"నువ్వు నొక్కమ్మా."

"నేర్చుకోండి. రేపు నేను లేకపోతే?"

బాబాయి కళ్లద్దాలు తీసి తుడుచుకుని, పెట్టుకుని, మళ్లీ తీసి తుడిచాడు. పదకొండేళ్లు ఘాట్ రోడ్డు మలుపుల్లో బస్సు తిప్పిన చేత్తో మౌసు పట్టుకున్నాడు. 'ప్రయత్నించు' నొక్కాడు.

తెర తెరుచుకుంది. కొత్త రంగులు, కొత్త బొమ్మలు. మెనూలో అన్నీ తెలుగు మాటలే గానీ, ఏ తెలుగువాడూ నోటితో అనని తెలుగు. ఒక్క 'ఇల్లు' అన్నది మాత్రం అర్థమై, అదే తెరిచాడు. లోపల ఏమీ లేదు. పత్రాలు ఖాళీ, చిత్రాలు ఖాళీ. బాబాయి కుర్చీలోంచి లేచిపోయాడు.

"అన్నీ పోయాయమ్మా!"

"అది సీడీ ఇల్లు బాబాయ్, మీ ఇల్లు కాదు. అదిగో, మీ డిస్కు ఆ పక్క బొమ్మలో ఉంది. నొక్కండి."

నొక్కాడు. డిస్కు టక్ టక్ మంటూ, మూలుగుతూ, ఎట్టకేలకు తెరుచుకుంది. ఏళ్ల తరబడి దాచిన చార్టుల మధ్య 'కారణాలు'. దాన్ని పట్టుకుని తెర మీదికి లాగాడు. కాసేపు ఊపిరి బిగబట్టించి, కాపీ వచ్చింది. తెరిచి చూస్తే ముప్పై ఒక్క మందీ ఉన్నారు. బాబాయికి బస్సు మళ్లీ చేతికొచ్చినంత సంతోషం కలిగింది. అది ఆయన మొహం మీదే కనపడింది.

"ఇక్కడ నెట్టు లేదు, ప్రింటరూ లేదు," అంది మెకానిక్కమ్మ. "పెన్‌డ్రైవ్ ఇంట్లో ఉంది, భోజనానికెళ్లి తెస్తాను. ఒక్కటే గుర్తుపెట్టుకోండి. తెర మీదున్న ఈ కాపీ ఎక్కడా రాసి లేదు. కరెంటున్నంతసేపే ఉంటుంది. ఆపారంటే పోతుంది."

"అంత మతిలేనివాణ్నా తల్లీ?" అన్నాడు బాబాయి. అయినా 'ఆపకూడదు' అని చీటీ మీద పెద్దక్షరాలతో రాసి తెరకి అంటించుకున్నాడు.

మధ్యాహ్నం భోజనాల బెల్లు మోగింది. బాబాయి చీటీ వంక చూసి, తలాడించి, క్యారియర్ తీసుకుని లేచాడు. క్యాంటీన్లో కూర్చుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయాడు. వస్తూ వస్తూ తలుపు దగ్గర ఏం చేశాడో గుర్తు రాలేదు. ముద్ద వదిలేసి పరిగెత్తాడు.

గది చీకటిగా ఉంది. ఫ్యాను ఆగి ఉంది. గోడ మీది స్విచ్చులన్నీ ఆపేసి ఉన్నాయి, మెయిన్‌తో సహా. చీటీ మాత్రం తెరకే ఉంది.

మళ్లీ వేశాడు. సీడీ లేచింది. ఈసారి కళ్లద్దాలు తుడుచుకోకుండానే 'ప్రయత్నించు' నొక్కాడు. తెర మీద ఫైలు లేదు. పక్కన డిస్కు బొమ్మా లేదు. లోపల టక్ టక్ కూడా లేదు. ఆ చప్పుడు ఆగిపోయినందుకే ఆయనకి అన్నిటికన్నా ఎక్కువ భయం వేసింది.

మెకానిక్కమ్మ పెన్‌డ్రైవ్‌తో వచ్చి ఆయన మొహం చూసి కుర్చీ లాక్కుని కూర్చుంది. నాలుగైదు సార్లు ప్రయత్నించి చూసింది. డిస్కు లేవలేదు. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. ఎప్పుడూ తిట్టే మనిషి, ఆ రోజే తిట్టలేదు.

సాయంత్రం ఇంట్లో నోటుబుక్కు ముందేసుకుని కూర్చున్నాడు. గుర్తు తెచ్చుకుని తెచ్చుకుని పంతొమ్మిది మందిని రాశాడు. మిగతా పన్నెండు మంది ఎంతకీ తట్టలేదు. భార్య కూరలు తరుగుతూ, ఆయన చెప్పిందంతా విన్నది.

"పోయింది ఫైలేగా. మనుషులు డిపోలోనే ఉన్నారుగా. అడగండి."

"ఇన్నేళ్లలో నేను ఎవర్నీ అడగలేదే. వాళ్లే వచ్చి మనసులో మాట చెప్పుకున్నారు. ఇప్పుడు అడిగితే మరిచిపోయాననుకుంటారు."

"మరిచిపోయారుగా మరి!"

బాబాయి నోటుబుక్కు మూసేశాడు.

శుక్రవారం మధ్యాహ్నం షిఫ్టులు మారే వేళకి డ్రైవర్లూ కండక్టర్లూ విశ్రాంతి గదిలో పోగవుతారు. దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ కలిసి అరగంట సేపు సంత. బాబాయి నోటుబుక్కు పట్టుకుని మధ్యలో నిలబడ్డాడు.

"తప్పు నాదే. మీ మీ ఇబ్బందులన్నీ రాసుకున్న ఫైలు పోయింది. నేనే స్విచ్చి ఆపేశాను."

గది గదంతా గొల్లున నవ్వింది. ఒకతను నవ్వు ఆపుకోలేక బెంచీ మీద పడిపోయాడు. బాబాయి చెవులు ఎర్రబడ్డాయి. నవ్వు తగ్గాక ఒక్కొక్కరూ వచ్చి ఎదురుగా కూర్చున్నారు.

కళ్లద్దాల కండక్టరమ్మ ముందొచ్చింది. "మా వాడిప్పుడు కాలేజీ బాబాయ్, నాకన్నా జానెడు పొడుగు. నైట్ హాల్టు వెయ్యండి, వాడి పాటల గోల తప్పి ఒక్క రాత్రయినా నిద్రపోతాను." నడుం నొప్పి డ్రైవరుకి నొప్పి ఎప్పుడో తగ్గిందట, ఘాట్ రోడ్డు మీద గాలి తగిలి ఎన్నేళ్లయిందో అన్నాడు. బట్టతల డ్రైవరూ మీసాల కండక్టరూ ఒకే బెంచీ మీద ఆనుకుని కూర్చోవడం చూసి బాబాయి కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"మా వాడికి వీళ్లమ్మాయిని చేసుకుంటున్నాం, పోయిన నెలే ఖాయమైంది," అన్నాడు బట్టతల డ్రైవరు. "మమ్మల్ని ఒకే బస్సెక్కించండి బాబాయ్. పెళ్లి పనులు మాట్లాడుకోడానికి టైమే దొరకట్లేదు."

"వియ్యంకులైనా అద్దం సంగతిలో తప్పు మాత్రం ఈయనదే," అన్నాడు మీసాల కండక్టరు.

బాబాయి రాసుకుంటూ పోయాడు. తను ఇన్నేళ్లుగా భద్రంగా దాచిన కారణాల్లో సగం ఎప్పుడో కాలం తీరినవని తెలిసి ఆయనకి సిగ్గేసింది. ఎన్నడూ నోరు తెరవని నలుగురు ఆ రోజు కొత్తగా వచ్చి చెప్పుకున్నారు. అడిగేవాళ్లు లేక ఊరుకున్నారట.

గది ఖాళీ అయ్యాక పొడుగు డ్రైవరు మిగిలాడు. తలుపు దగ్గర నిలబడి టోపీ చేతుల్లో తిప్పుతున్నాడు.

"నీది నాకు గుర్తుందిరా, నువ్వేం చెప్పక్కర్లేదు," అన్నాడు బాబాయి. "అమ్మ కోసం ఫస్టు షిఫ్టు. ముందు రాసింది నీదే."

అతను వచ్చి కూర్చున్నాడు. "అమ్మ పోయి మూడేళ్లయింది బాబాయ్."

బాబాయి చేతిలో పెన్ను ఆగిపోయింది.

"మీరప్పుడు కంటి ఆపరేషనై రెండు నెలలు సెలవులో ఉన్నారు. మీరొచ్చేసరికి అందరూ నన్ను పలకరించడం అయిపోయింది. మీకెవరూ చెప్పినట్టు లేదు."

"నువ్వయినా చెప్పకూడదట్రా? మూడేళ్లుగా నిన్ను ఊరికే తెల్లారకముందే లేపుతున్నానే!"

పొడుగు డ్రైవరు తల వంచుకున్నాడు. "చార్టు అంటించే ప్రతి శనివారం మీరు నన్ను చూసి అనేవారు. 'మీ అమ్మ కోసం ఫస్టు షిఫ్టు వేశానురా, తొందరగా ఇంటికెళ్లు' అని. ఇంట్లో మేం ఆమె మాట ఎత్తడం మానేశాం. ఎత్తితే మా చెల్లెలు ఏడుస్తుంది. ఆమె ఉన్నట్టు మాట్లాడేది మీరొక్కరే. చెప్తే ఆ మాట అనడం మానేస్తారని..."

బాబాయి కళ్లద్దాలు తీసి తుడిచాడు. బయట ఏదో బస్సు స్టార్టయింది.

"ఇప్పుడు నీకు ఏ షిఫ్టు కావాలో చెప్పు," అన్నాడు చివరికి.

"అదే ఉంచండి. తెల్లారే లేవడం అలవాటైపోయింది."

సాయంత్రం మెకానిక్కమ్మ తన కంప్యూటర్లో లిస్టు టైపు చేసింది. రెండు పెన్‌డ్రైవులకి ఎక్కించి, రెండు కాగితాల మీద ప్రింటు తీసి, స్విచ్చికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది. టైపు చేసేటప్పుడు పొడుగు డ్రైవరు పేరు దగ్గర మాత్రం ఆగింది. అతని తల్లి పోయిన సంగతి ఆమెకి తెలుసు.

"కారణం ఏం రాయమంటారు బాబాయ్?"

"ఉన్నదే రాయమ్మా. అమ్మ కోసం."

ఆమె ఆయన వంక చూసి, అలాగే కొట్టింది. మేనేజరు లిస్టు మొత్తం చదివి సంతకం పెట్టాడు.

శనివారం చార్టు కొత్త సాఫ్ట్‌వేరే వేసింది, గళ్లన్నీ తిన్నగా, అక్షరాలన్నీ ముద్దుగా. బోర్డుకి అంటించింది మాత్రం బాబాయే. అలవాటు ప్రకారం పక్కనే నిలబడ్డాడు. పొడుగు డ్రైవరు గుంపు వెనకనుంచి తన వరస చూసుకుని, బాబాయి వంక చూడకుండా వెళ్లిపోబోయాడు.

"ఒరే అబ్బాయ్," అని పిలిచాడు బాబాయి. "మీ అమ్మ కోసం ఫస్టు షిఫ్టు వేశానురా. తొందరగా ఇంటికెళ్లు."