నెప్ట్యూన్ ఫోటో కడిగిన జ్ఞానమ్మ

నిజామాబాద్ కంఠేశ్వర్‌లోని రాజేశ్వర్ స్టూడియోలో జ్ఞానమ్మ పదహారేళ్లుగా ఫోటోలు కడుగుతోంది. కెమెరా పట్టేది రాజేశ్వర్. మసకబారిన ముఖాలను డార్క్‌రూమ్‌లో తేటపరిచేది ఆమె.

1989 చివర్లో హైస్కూలు సైన్సు టీచరు రామ్‌దాస్ ఒక పత్రిక తెచ్చాడు. అందులో వాయేజర్ అంతరిక్ష నౌక తీసిన నెప్ట్యూన్ ఫోటో ఉంది. జిల్లా సైన్సు ప్రదర్శన కోసం దాన్ని పెద్దది చేసివ్వమన్నాడు. పక్కనున్న వ్యాసం జ్ఞానమ్మ రెండుసార్లు చదివింది. అక్కడి ఎండ మన ఎండలో సుమారు తొమ్మిది వందల్లో ఒక వంతేనట. అంత మసకలో బొమ్మ పడాలంటే కెమెరా కన్ను చాలాసేపు తెరిచి ఉంచాలి. నౌకేమో తూటా కన్నా వేగంగా పోతోంది. బొమ్మ అలుక్కుపోకుండా, కెమెరా చూపు గ్రహం మీదే నిలిచేలా నౌకనే మెల్లగా తిప్పుతూ తీశారట. కుదురుగా ఉండని పసిపిల్లల ఫోటోలు ఎన్ని పారేసిందో ఆమెకు తెలుసు. ఆరు కాగితాలు పాడుచేసి, ఏడోదాంట్లో ఆ గ్రహం మీది నల్ల మచ్చను, తెల్ల మబ్బులను విడివిడిగా తేల్చింది.

ప్రదర్శనలో బహుమతులు నిర్ణయించే అధికారి ఆ ఫోటో చూసి నవ్వాడు. మనిషి లేని యంత్రం ఫోటో ఎట్లా తీస్తుందన్నాడు. తాజ్‌మహల్ తెర ముందు నిలబెట్టి ఆగ్రా చూపించే స్టూడియోవాళ్లకు ఇదొక లెక్కా అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. రామ్‌దాస్ పత్రిక తీయబోతే అధికారి చేత్తో వారించాడు.

రాజేశ్వర్‌తో కలిసి ప్రదర్శన చూడటానికి వచ్చిన జ్ఞానమ్మ ఇదంతా వింది. ముందుకొచ్చి నౌకను తిప్పిన సంగతి చెప్పబోయింది. అధికారి మధ్యలోనే ఆపి, ఎంతవరకు చదివావని అడిగాడు.

"ఎనిమిది. మీరెంత సదివిండ్రో గని, ముంగటున్నది సదువుతలేరు," అందామె.

రాజేశ్వర్ గబగబా అడ్డమొచ్చాడు. అది పిచ్చిది, మనసులో పెట్టుకోవద్దు సార్ అని చేతులు జోడించాడు.

బయటికి వచ్చాక ఆమె కోపమంతా అతని మీదికి మళ్లింది.

"ఆయన తెల్వక అన్నడు. నీకు తెలుసు కదనే అన్నా. పదహారేండ్లు నా చేతి పని సూసినవు. నన్ను పిచ్చిదంటవా?"

ఆ అధికారి ఆఫీసు నుంచి స్టూడియోకొచ్చే ఫోటోల పని పోతుందని భయపడ్డానన్నాడు రాజేశ్వర్. ఆమె డార్క్‌రూమ్ తాళంచెవి అతని చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

బోధన్ బస్టాండు దగ్గర చిన్న గది తీసుకుని సొంతంగా స్టూడియో పెట్టింది. చెరుకు రైతులు, ఫ్యాక్టరీ కూలీలు గుర్తింపు కార్డుల ఫోటోలకు వచ్చేవారు. రెండేళ్ల తర్వాత రాజేశ్వర్ వచ్చాడు. పని నడవడం లేదని, తిరిగి రమ్మని బతిమాలాడు.

స్టూలు వేసి కూర్చోబెట్టి, ఆనాడు నన్ను పిచ్చిదన్నది తప్పేనని ఆ అధికారి ముందే చెబుతావా అని అడిగింది. ఆ సంగతి ఇప్పుడెందుకులే అన్నాడతను.

"చాయ్ తాగి పో," అని గ్లాసు అతని ముందు పెట్టి, జ్ఞానమ్మ డార్క్‌రూమ్‌లోకి వెళ్లి తలుపు వేసుకుంది.