గోడ మీది లిఫ్టు

ముందు ఆయన స్టూలు తీసేశారు.

పెద్దాసుపత్రిలో లిఫ్టు నడిపే మనిషి ఆయన. నర్సులూ, రోగులూ, కాంటీను వాళ్లూ అందరూ "లిఫ్టాయన" అనే పిలుస్తారు. బీరువా అంత గదిలో పొద్దస్తమానం పైకీ కిందికీ తిరిగే ఆ ఉద్యోగంలో ఆయనకున్న ఒకే ఒక్క సుఖం ఆ స్టూలు. ఒక మోకాలు ఎప్పుడో అరిగిపోయింది. ఒకరోజు డ్యూటీకి వచ్చేసరికి స్టూలు లేదు. వెతగ్గా వెతగ్గా మేనేజరుగారి గదిలో, పూలకుండీ కింద కనిపించింది. లిఫ్టాయన కాసేపు కుండీని చూసి, "మొక్క బాగా ఏపుగా వస్తోంది సార్" అని చెప్పి, తిరిగి వెళ్లి, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ సాయంత్రం దాకా నిలబడ్డాడు.

అది శిక్ష. నేరం ఏమిటంటే, ముందురోజు ఆయన ఒక రోగిని లిఫ్టు ఎక్కించాడు.

ఆ ఆసుపత్రిలో కాళ్ల విభాగం మూడో అంతస్తులో ఉంది. ఎందుకుందని అడక్కండి. నేను అడిగితే "మొదట్నించీ అక్కడే ఉంది" అన్నారు. కాలు విరిగినవాళ్లూ, పక్షవాతం వచ్చినవాళ్లూ కాళ్లకు వ్యాయామం చేయించుకోవాలంటే ముందు మూడు అంతస్తులు ఎక్కాలి. కింద, గుమ్మం పక్కనే, గాలీ వెలుతురూ ఉన్న విశాలమైన గది మేనేజరుగారిది. ఆయన రెండు కాళ్లూ నిక్షేపంగా ఉన్నాయి. ఉన్న ఒక్క లిఫ్టు మీదేమో "అధికారులకు, ఫైళ్లకు మాత్రమే" అని రాసి ఉంటుంది. అంచేత ఫైళ్లు లిఫ్టులో వెళ్తాయి. విరిగిన కాళ్లు మెట్లెక్కుతాయి.

ఆరోజు మొదటి మెట్టు మీద కూలబడ్డ మనిషి కుట్టుమిషను అక్క. బస్సు దిగుతూ పడి కాలు విరగ్గొట్టుకుంది. ప్రతి మంగళవారం వ్యాయామం చేయించుకోకపోతే మోకాలు బిగుసుకుపోతుందనీ, ఇక మిషను తొక్కడం మర్చిపోవాల్సిందేననీ డాక్టరమ్మ చెప్పింది. మిషను తొక్కకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. లిఫ్టాయన ఆమెను చూశాడు. లిఫ్టులో ఉన్న ఫైళ్ల బండిని బయటికి లాగాడు.

"రా చెల్లెమ్మా, ఎక్కు."

"మరి ఫైళ్ల సంగతో, అన్నయ్యా?"

"వాటికేం తొందర? అందులో కొన్ని నా పెళ్లికి ముందునుంచీ తిరుగుతున్నాయి."

స్టూలు పోయాక కూడా మరుసటి మంగళవారం ఆమెను ఎక్కించాడు. ఇంకో ఇద్దరిని కూడా. దాంతో మేనేజరుగారు ఆయన్ని బదిలీ చేసేశారు, రెండో లిఫ్టుకి.

రెండో లిఫ్టు కథ తెలియకపోతే మిగతాది అర్థం కాదు. ఈ భవనం ప్రారంభోత్సవం నాటికి రెండో లిఫ్టు రాలేదు. పెద్దలు వచ్చి రిబ్బను కత్తిరించాల్సిన చోట బోసి గోడ ఉంది. అప్పటికప్పుడు ఒక పెయింటరును పిలిపించి, గోడ మీద లిఫ్టు తలుపు వేయించారు. బూడిదరంగు తలుపు, మధ్యలో సన్నటి గీత, పక్కన ఎర్రటి బటను. రిబ్బను కత్తిరించారు. చప్పట్లు కొట్టారు. శిలాఫలకం మీద "రెండు లిఫ్టులు" అని చెక్కించారు. నిజం లిఫ్టు ఇప్పటిదాకా రాలేదు. బొమ్మ మాత్రం ఎంత బాగా కుదిరిందంటే, ఇప్పటికీ కొత్తగా వచ్చిన రోగులు ఆ బటను నొక్కి నిలబడతారు. కొందరు ఓపిగ్గా చాలాసేపు నిలబడతారు.

ఆ గోడకు ఆపరేటరుగా లిఫ్టాయన్ని వేశారు.

ఇంటికెళ్లి చెబితే భార్య నవ్వలేక ఏడవలేక, "గోడ దగ్గర కూర్చోబెట్టి ఉద్యోగమిస్తే హాయిగా కూర్చోక నీకెందుకయ్యా?" అంది. "కూర్చోడానికి స్టూలు లేదే" అన్నాడు. ఆ రాత్రి భోజనానికి ముందు చేసే ప్రార్థన కాస్త పొడుగైంది. కూర చల్లారిపోతోందని ఆమె రెండుసార్లు దగ్గింది.

మంగళవారం కుట్టుమిషను అక్క వచ్చింది. లిఫ్టాయన గోడ దగ్గర ఉండటం చూసి, ఈ లిఫ్టు పనిచేస్తోంది కాబోలనుకుని ఎర్ర బటను నొక్కింది. అంతే. ఆయన వరండాలోంచి చేతుల కుర్చీ ఒకటి తెచ్చి ఆమె ముందు వేశాడు.

"ఎన్నో అంతస్తు, చెల్లెమ్మా?"

"మూడు... అన్నయ్యా, ఇదేంటి?"

"లిఫ్టు వచ్చింది. కూర్చో. ఎక్కాక మాట్లాడకూడదు, నాకు ఊపిరి అందదు."

ఒక్కడే ఎత్తలేడు కదా. అదృష్టం కొద్దీ పెయింటరు అక్కడే ఉన్నాడు. పెచ్చులూడిన చోట రంగు అద్దడానికి అప్పుడప్పుడూ వస్తుంటాడు. తన బొమ్మ బటనును జనం నొక్కుతున్నారంటే అతనికి లోపల మహా గర్వం. "పట్టు తమ్ముడూ, నువ్వు వేసిన లిఫ్టేగా" అన్నాడు లిఫ్టాయన. పెయింటరు బ్రష్షు చెవికి పెట్టుకుని కుర్చీ వెనక కాళ్లు పట్టుకున్నాడు. ఆరోజు కుర్చీ మూడో అంతస్తుకు చాలాసార్లు వెళ్లొచ్చింది.

ఇక మేనేజరుగారి అవస్థ చూడండి. "లేని లిఫ్టును ఎలా నడుపుతున్నావయ్యా?" అని అడగాలంటే లిఫ్టు లేదని ఒప్పుకోవాలి. శిలాఫలకం ఒప్పుకోనివ్వదు. కాబట్టి ఆయన ఏ తప్పు పట్టినా లిఫ్టు ఉన్నట్టే పట్టాలి.

"ఏవయ్యా, కరెంటు పోయినప్పుడు లిఫ్టు నడిపావట?"

"నడిపాను సార్. దానికి కరెంటు అక్కర్లేదు."

"నిబంధనలకు విరుద్ధం! కరెంటు పోతే లిఫ్టు ఆగాలి!"

"ఆపితే మధ్యలో మెట్ల మీద దింపాలి సార్, పాపం ఆ పెద్దావిడ..."

ఒక పూట జీతం కోశారు. ఆ తర్వాత భద్రతా తనిఖీకి ఒక ఇన్‌స్పెక్టరును పంపించారు. ఆయన గోడను టార్చిలైటుతో చూశాడు, తట్టి చూశాడు, ఎర్ర బటను నొక్కాడు. లిఫ్టాయన కుర్చీ తెచ్చి వేశాడు. ఇన్‌స్పెక్టరు మనిషి భారీ. మొదటి అంతస్తు దాకా మోయించుకుని, "కుదుపులు లేవు. చప్పుడు కొంచెం ఎక్కువ" అన్నాడు. చప్పుడంటే వీళ్ల ఆయాసం. పోతూ పోతూ మరమ్మతు అవసరమని సిఫారసు చేశాడు. వెంటనే "మరమ్మతులో ఉంది" అన్న అట్ట వచ్చింది. గోడకు తగిలిస్తే లాభం లేదని గ్రహించిన మేనేజరుగారు దాన్ని తాడు కట్టి ఆపరేటరు మెడలో వేయించారు.

అందరూ చూస్తుండగానే వేయించారు. గుమాస్తాలు గుడ్లప్పగించి చూశారు, కొందరు ఇకిలించారు. లిఫ్టాయన చెవులు ఎర్రబడ్డాయి. కానీ తాడు సరిచేసుకున్నాడు, అట్టను వీపు వైపుకు తిప్పుకున్నాడు, కుర్చీ ఎత్తాడు. "ఆ అట్ట తీసి వాళ్ల మొహాన కొట్టొచ్చు కదన్నా!" అని పెయింటరు పళ్లు కొరికాడు. "సిలువ మోసినాయన కొండ మీదికి లిఫ్టులో వెళ్లాడేంట్రా? ఆయన ఎక్కిందీ కాళ్లతోనే. పట్టు, పక్కకి వంగకు" అన్నాడు లిఫ్టాయన.

ఆ ఆదివారం చర్చిలో, బాగోలేని వాళ్ల కోసం ప్రార్థించే సమయంలో ఆయన లేచి నిలబడి, "మా మేనేజరుగారి కోసం కూడా" అన్నాడు. ఏమైందో చెప్పలేదు. సంఘంలోని పెద్దమ్మలు మంచివాళ్లు, ఇలాంటి సంగతి వింటే ఊరుకోరు. మర్నాడే పళ్ల సంచులు పట్టుకుని మేనేజరుగారి గదిలోకి వెళ్లారు. "ఎలా ఉంది బాబూ ఇప్పుడు? దాచుకోకు నాయనా, తగ్గిపోతుందిలే" అంటూ ఒకావిడ ఆయన తల మీద చెయ్యిపెట్టి కన్నీళ్లతో ప్రార్థన చేసింది. వాళ్లు వెళ్లగానే మేనేజరుగారు తలుపేసుకుని నాలుక చాపి అద్దంలో చూసుకున్నారు. మధ్యాహ్నం రక్తపరీక్షకు వెళ్లారు.

ఆ తర్వాత కాస్త మెత్తబడి, లిఫ్టాయన్ని పిలిచారు.

"చూడవయ్యా, పాత లిఫ్టుకి పో. స్టూలు ఇస్తాను. మెత్త కూడా వేయిస్తాను. ఈ మోతలు మానెయ్. లేదంటే ఉద్యోగమే ఊడుతుంది, చెబుతున్నాను."

లిఫ్టాయన కుండీ కింద ఉన్న స్టూలు వైపు చూశాడు. ఆశగానే చూశాడని నాకు తర్వాత ఆయనే చెప్పాడు. మోకాలు అప్పటికే రోకలిబండలా వాచి ఉంది. తర్వాత మేనేజరుగారి వైపు తిరిగాడు.

"అందులో ఫైళ్లెక్కుతాయి సార్. ఫైళ్లకి మోకాలు బిగుసుకుపోదు కదా. ఆ చెల్లెమ్మకి ఇంకో రెండు నెలలు వ్యాయామం ఉంది. ఆ తర్వాత మీ ఇష్టం."

రెండు నెలలు అయ్యేదాకా ఆ మోకాలు ఆగలేదు. ఒక మంగళవారం, రెండో అంతస్తు మలుపులో, కుర్చీలో కుట్టుమిషను అక్క ఉండగా టప్పున జారింది. ఆయన కూలబడిపోయాడు. కుర్చీ మాత్రం నేలకు తగల్లేదు. ఆయన ఒళ్లో ఆగింది. పెయింటరు కేకలు పెడితే జనం పరిగెత్తుకొచ్చారు. "ముందు ఆమెను పైకి తీసుకెళ్లండి, టైము అయిపోతోంది" అన్నాడు లిఫ్టాయన, పళ్ల బిగువున. నలుగురూ ఆమెను పైకి చేర్చారు. ఆరోజు వ్యాయామం తప్పలేదు. ఆ సాయంత్రమే ఆఫీసు నుంచి సంజాయిషీ అడిగారు: లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగిపోయినప్పుడు అలారం ఎందుకు మోగించలేదు?

ఉద్యోగం ఊడింది. కారణం, "విధుల్లో ఉండగా కూర్చొనుట."

ఇప్పుడు ఆయన రోగి. మోకాలికి వ్యాయామం కావాలి. కాళ్ల విభాగం ఇంకా మూడో అంతస్తులోనే ఉంది. మొన్న మంగళవారం భార్య భుజం పట్టుకుని కుంటుకుంటూ వచ్చాడు. మెట్ల వైపు నడవబోతుంటే ఆవిడ, "లిఫ్టు ఉండగా మెట్లెందుకు?" అని గోడ మీది ఎర్ర బటను నొక్కింది. కుర్చీ వచ్చింది. దానికిప్పుడు మందపాటి గుడ్డ పట్టీలున్నాయి, భుజాలకు తగిలించుకోవడానికి. కుట్టింది ఎవరో చెప్పక్కర్లేదు. ఆమె మిషను తొక్కుతోంది. ఆమె, పెయింటరు, ఇద్దరు నర్సులు తలా ఒక పట్టీ తగిలించుకున్నారు.

"వద్దు చెల్లెమ్మా, నీ కాలు ఇప్పుడిప్పుడే..." అని మొదలుపెట్టాడు ఆయన.

"ఎక్కాక మాట్లాడకూడదు అన్నయ్యా."

ఇదంతా చదివి, "ఎంత మంచి మనిషి!" అని నిట్టూర్చి పేజీ తిప్పేయకండి. ఆయన ఓర్చుకున్నాడని మనమూ ఓర్చుకోవడం న్యాయం కాదు. ఆ ఓర్పు ఆయన తన దేవుడికి ఇచ్చుకున్నది. మేనేజరుగారికి రాసిచ్చింది కాదు. కాళ్ల విభాగం కిందికి దిగాలి, మేనేజరుగారి గది పైకెక్కాలి. లిఫ్టు ఎటూ ఆయనదే కదా. వెళ్లి ఆ మాట అడగండి. ఒక్కళ్లే వెళ్తే కూర్చోమని కూడా అనరు, పదిమంది కలిసి వెళ్లండి. లిఫ్టాయన ఉద్యోగం ఆయనకు తిరిగివ్వమని అడగండి. స్టూలు సంగతీ అడగండి. స్టూలు బదులు కుండీ కింద పెట్టుకోడానికి ఇటుకలు మనం కొనిద్దాం. మీ దగ్గర్లోని ఆసుపత్రిలో కాళ్ల గది ఎన్నో అంతస్తులో ఉందో కూడా ఒకసారి ఎక్కి చూసి రండి.

అది తేలేదాకా మంగళవారాలు పొద్దున్నే వచ్చి గోడ దగ్గర నిలబడండి. మనుషులు చాలడం లేదు. పాత చొక్కా వేసుకుని రండి, పెయింటరు మొన్ననే మళ్లీ రంగు వేశాడు, ఇంకా ఆరలేదు.