ముందు ఎదుటివారి మాట

మా కామరాజు గారి ముందు ఎవరూ తమ మాట నేరుగా చెప్పకూడదు. ముందు ఎదుటివారు చెప్పింది తిరిగి చెప్పాలి. వాళ్లు విని "అవును, అదే" అనాలి. ఆ తర్వాతే మన మాట. "ఈరోజు ఎండ దంచేస్తోంది" అని మీరన్నారనుకోండి. పక్కాయన "ఎండ దంచేస్తోందని వీరంటున్నారు" అనాలి. మీరు "అవును, అదే" అనాలి. అప్పుడు గానీ ఆయన తన ఇంట్లో కూలరు పాడైన సంగతి ఎత్తడానికి వీల్లేదు. ఈ తతంగం పూర్తయ్యేసరికి పొద్దు వాలి, ఎండ గోలే ఉండదు.

కామరాజు గారు మధ్యవర్తుల సంఘం హైదరాబాద్ శాఖకు చైర్మన్. కార్యదర్శి సురేందర్ని నేను. కోర్టుకెక్కకుండా తగవు తేల్చుకుందామనుకునే ఇద్దరు కలిసి ఎంచుకునే మనిషే మధ్యవర్తి. బిల్డరుకీ ఫ్లాటు కొన్నవాళ్లకీ నడుమ, కాంట్రాక్టరుకీ అతనికి పని ఇచ్చిన ఆఫీసుకీ నడుమ కూర్చుని, ఇద్దరి మాటా విని తీర్పు చెప్పడం మా పని. అమీర్‌పేటలో ఓ కోచింగ్ సెంటరు పైన, మూడో అంతస్తులో మా శాఖ ఉంది. కింద మైకు పెట్టి సాఫ్ట్‌వేర్ పాఠాలు చెబుతుంటారు. ఈ రెండేళ్లలో ఆ కోర్సు సగం నాకూ వచ్చేసింది.

ఏటా డిసెంబరులో శాఖ కార్యకలాపాల నివేదిక రాసే పని నాదే. "జనవరిలో కార్యవర్గ సమావేశం జయప్రదంగా జరిగినది" అని ఒక్క వాక్యంలో తేల్చేస్తాను. ఎలా జయప్రదమైందో రాస్తే సభ్యులు చందా కట్టడం మానేస్తారు. అక్కడ రాయనిదంతా ఇక్కడ రాస్తున్నాను.

జనవరి సమావేశంలో మొదటి అంశం శనివారం క్లాసులో చాయ్ ఎప్పుడివ్వాలన్నది.

"క్లాసుకు ముందే ఇస్తే మంచిగుంటది సార్," అన్నాను.

"లేదండీ, అయ్యాక ఇస్తేనే..." అనబోయాడు ప్రమోద్. ప్రమోద్ కాకినాడ నుంచి వచ్చిన లాయరు, కుర్రవాడు, చురుకైనవాడు. మాట సగంలో ఉండగానే చేతిగడియారం చూసుకునే రకం.

కామరాజు గారు చెయ్యెత్తారు. "ముందు ఎదుటివారి మాట."

"క్లాసుకు ముందే ఇవ్వాలని సురేందర్ గారు అంటున్నారు."

"గట్టిగా చెప్పండి, రికార్డు కోసం. గడియారం వైపు తిరిగి."

ప్రమోద్ గడియారం వైపు తిరిగి గట్టిగా చెప్పాడు. "అవును, అదే," అన్నాను నేను. చాయ్ సంగతి తేలడానికి యాభై నిమిషాలు పట్టింది. తేలిందేమిటంటే, క్లాసు మధ్యలో ఇవ్వాలని.

మా ఆఫీసులో రికార్డు చేసే యంత్రం ఏదీ లేదు. గడియారం ఉంది గానీ నాలుగుంపావు దగ్గర ఎప్పుడో ఆగిపోయింది. ఓసారి కొత్త సెల్లు తెచ్చి, పనిలో పనిగా గడియారాన్ని ఎదురు గోడకు మారుద్దామని స్టూలు ఎక్కాను. కామరాజు గారు పరుగున వచ్చి, "సెల్లు మీ ఇష్టం సురేందర్ గారూ, గోడ మాత్రం మార్చకండి," అన్నారు. ఆ కంగారు చూసి సెల్లు కూడా వేయకుండా దిగిపోయాను. గడియారం కిందున్న కుర్చీ ముషర్రఫ్ సాబ్‌ది.

ముషర్రఫ్ సాబ్ నీటిపారుదల శాఖలో పెద్ద ఇంజనీరుగా రిటైరయ్యారు. మా అందరికీ నిర్మాణ తగాదాల పని నేర్పింది ఆయనే. మూడేళ్లుగా కేసులు ఒప్పుకోవడం మానేసి, కొత్తవాళ్లకు శనివారం క్లాసు మాత్రం చెబుతున్నారు. బేగం సాహెబా పోయాక ఆయన వారమంతా ఎదురుచూసేది ఆ ఒక్క క్లాసు కోసమే. ఇస్త్రీ షేర్వాణీ వేసుకుని అరగంట ముందే వచ్చి, బోర్డు తనే తుడుచుకునేవారు.

ఆగస్టులో బేగంపేటలోని ఓ హోటల్లో సదస్సు పెట్టాం. అతిథి ఒక రిటైర్డ్ జడ్జి గారు. ఆ పొద్దున బంజారాహిల్స్‌లో ఆయన ఇంటికి వెళ్లి మరోసారి పిలిచి, నేనూ కామరాజు గారూ ఆటోలో హోటలుకు బయల్దేరాం.

"పంజాగుట్ట ఫ్లైఓవర్ మీదికెల్లి పోదాం సార్, జల్ది అయితది," అన్నాడు ఆటో అతను.

"కింద సిగ్నల్ దగ్గర ఆగాలి కాబట్టి ఫ్లైఓవర్ ఎక్కుదామంటున్నారు. అంతేనా?"

"అంతే సార్."

"'అవును, అదే' అనండి."

"అవును, అదే."

"నేనేమో కింద నుంచి వెళ్దామంటాను. దారిలో పూలదండ కొనాలి. ఇప్పుడు నా మాట మీరు తిరిగి చెప్పండి."

"నేనెందుకు చెప్పాలె సార్? మీరే చెప్పిన్రు కదా!"

ఈ విచారణ సాగుతుండగానే ఫ్లైఓవర్ ఎక్కే చోటు దాటిపోయాం, దండల దుకాణాలూ దాటిపోయాం. దండ లేకుండానే సదస్సు జరిగింది. అక్కడైనా ఊరుకున్నారా? సభలోంచి ఎవరో ప్రశ్న వేస్తే, జడ్జి గారిని కూడా ముందు ఆ ప్రశ్న తిరిగి చెప్పమన్నారు. జడ్జి గారు కాసేపు ఆలోచించి, "ఆ ప్రశ్న ఇంకోసారి వేయండి బాబూ, నేను వినలేదు," అన్నారు. హాలంతా చప్పట్లు. ముందు వరసలో ముషర్రఫ్ సాబ్ అందరికన్నా గట్టిగా కొట్టారు.

సెప్టెంబరులో ఖైరతాబాద్ గణేశుడి దర్శనానికి జనం పోటెత్తితే మా క్లాసుకు ఎవరూ రాలేరని, తేదీ మార్చడానికి సమావేశమయ్యాం. ఒకరి మాట ఒకరు తిరిగి చెప్పుకుంటూ, గట్టిగా, గడియారం వైపు తిరిగి, మూడు సమావేశాలు నడిపాం. తేదీ ఖాయమయ్యేసరికి నిమజ్జనం కూడా అయిపోయింది.

ఆ రోజు మెట్లు దిగుతూ ప్రమోద్ నా చెయ్యి పట్టుకున్నాడు. "ఇంక నావల్ల కాదండీ. ఈ నియమం ఎత్తేయమని తీర్మానం పెడదాం. మీరు రాయండి, నేను ప్రవేశపెడతాను."

నాకూ ప్రాణం విసిగిపోయి ఉంది. ఆ సాయంత్రమే రాసిచ్చాను. కామరాజు గారు కాగితం రెండుసార్లు చదువుకున్నారు. వాదించలేదు. "నవంబరు నెలంతా నియమం లేకుండా చూడండి. డిసెంబరు సర్వసభ్య సమావేశంలో ఓటు పెడదాం," అన్నారంతే.

నవంబరు సమావేశం ముప్పావుగంటలో ముగిసింది. ప్రమోద్ మిఠాయి తెప్పించాడు. నేను రెండు తిన్నాను.

శనివారం క్లాసు వెనక బెంచీలో కూర్చున్నాను. కొత్తవాళ్లు నాలుగు వైపుల నుంచీ గబగబా ప్రశ్నలు వేస్తున్నారు. కింద మైకు మోగుతోంది. ముషర్రఫ్ సాబ్ చిరునవ్వుతో తలూపి, బోర్డు వైపు తిరిగి కాలువ బొమ్మ గీశారు. హరిణి అనే అమ్మాయి ఒకే ప్రశ్న మూడుసార్లు అడిగి, చివరికి కూర్చుంది. ఆయన మరో కాలువ గీశారు. సోమవారం నా చేతికి ఉత్తరం ఇచ్చారు. వచ్చే ఏడాది క్లాసు ఇంకెవరికైనా అప్పగించమని అందులో ఉంది.

"ఏమైంది సాబ్?"

"ఇగ చాలు భాయ్," అన్నారు, నా ముఖం వైపే చూస్తూ. "పిల్లలు జల్ది జల్ది మాట్లాడుతున్నరు. నా జమానా అయిపోయింది."

ఉత్తరం తీసుకుని మధురానగర్‌లో కామరాజు గారింటికి వెళ్లాను. ఆయన కూరగాయలకు వెళ్లారట. వాళ్లావిడ అరుణాదేవి గారు ఉత్తరం చదివి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఆ తీర్మానం రాసింది మీరేనటగా సురేందర్ గారూ?"

"అవునమ్మా. జర టైమ్ మిగుల్తదని..."

"మిగిలింది కదా, ఏం చేసుకుంటారు?" అన్నారావిడ. అంతలోనే మెత్తబడ్డారు. "మీరు చేరకముందు సంగతిలెండి. క్లాసులో ఎవరో అడిగింది ముషర్రఫ్ గారికి వినపడలేదు. ఇంకెవరో నవ్వారు. ఆ పూట ఈయన ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. మర్నాటి నుంచీ మొదలైంది ఈ నియమం. ఏ మాటైనా రెండుసార్లు, గట్టిగా, ఆయన వైపు తిరిగి చెబితే పెదాల కదలిక చూసైనా పట్టుకుంటారని. చెవికి మిషన్ పెట్టుకోమని వాళ్లింట్లో వాళ్లంటే ఆయన ఒప్పుకోరట. ఈయనేమో అడిగి నొప్పించరు."

నాలుగుంపావు దగ్గర ఆగిన గడియారం నా కళ్ల ముందు కనిపించింది. తిన్న మిఠాయి గుర్తొచ్చి సిగ్గేసింది. నిజంగా సిగ్గేసింది.

"మరి ఆటో ఆయనతోని సుత ఎందుకమ్మా?"

"నేనూ అదే అడిగాను. 'అలవాటంటే అన్నిచోట్లా ఉండాలి అరుణా. ఒక్కచోటే ఉంటే జనం కారణం వెతుకుతారు' అన్నారు. మూడేళ్లుగా ఈ ఇంట్లో చారులో ఉప్పు తక్కువైతే రెండుసార్లు తక్కువవుతోంది." ఆవిడ నవ్వేశారు. "మీకు చెప్పానని ఈయనకు తెలియనివ్వకండి. ఈయనకు తెలుసునని ముషర్రఫ్ గారికి తెలియనివ్వకండి."

డిసెంబరులో సర్వసభ్య సమావేశం. నలభై మంది ఇరుక్కుని కూర్చున్నారు. చలి ఎక్కువగా ఉందంటూ ముషర్రఫ్ సాబ్ చెవులు కప్పేసే ఉన్ని టోపీ పెట్టుకొచ్చి, తన కుర్చీలో కూర్చున్నారు. తీర్మానం నెగ్గితే అదే ఆయన ఆఖరి సమావేశమని, ఆయన కాక, ఆ గదిలో నాకొక్కడికే తెలుసు. ఉత్తరం ఇంకా నా జేబులోనే ఉంది. కారణం చెప్పకుండా నా తీర్మానాన్ని నేనే ఓడించాలి.

ప్రమోద్ లేచి సూటిగా చెప్పాడు. ఈ నియమం వల్ల ఏడాదిలో సగం గంటలు వృథా అయ్యాయని, ఎత్తేయాలని. నేను లేచాను.

"ముందు ఎదుటివారి మాట," అన్నారు కామరాజు గారు నీరసంగా.

నేను గడియారం వైపు తిరిగి, ప్రమోద్ మాట ఒక్క ముక్క పోకుండా గొంతెత్తి చెప్పాను. "అవును, అదే," అన్నాడతను సంతోషంగా.

"ఇప్పుడు నా మాట. ఈ నియమం ఉండాలె. మినిట్స్ రాసేది నేను. ఏడాదంతా ఒక్కరు సుత 'నేనట్ల అనలే' అని లొల్లి పెట్టలే. నియమం లేని నవంబరులో పదకొండు దిద్దుబాట్లు వచ్చినయ్. అన్నీ రాసుకుంటూ కూసున్న. ముప్పావుగంట మీటింగ్, మూడు రోజుల దిద్దుడు."

సభ గుసగుసలాడింది. ప్రమోద్ నోరు తెరిచి నావైపు చూశాడు. ఇప్పుడు అతను నా మాట తిరిగి చెప్పాలి. విసుగ్గా గడియారం వైపు తిరిగి మొదలుపెట్టాడు. "నియమం ఉండాలని సురేందర్ గారు అంటున్నారు. మినిట్స్‌లో..." నాలుగుంపావు చూసి, తన చేతిగడియారం చూసుకుని, మళ్లీ గోడ వైపు చూశాడు. ఆ చూపు గడియారం నుంచి కిందికి దిగింది. అక్కడ ముషర్రఫ్ సాబ్ ముందుకు వంగి, అతని పెదాల వైపే చూస్తున్నారు.

ప్రమోద్ మాట ఆగింది. ఆ కుర్చీ వైపు పూర్తిగా తిరిగి, నా మాట మొత్తం మళ్లీ మొదటి నుంచి, నిదానంగా, విడివిడిగా చెప్పాడు. "అవును, అదే," అన్నాను.

"ఇప్పుడు నా మాట. తీర్మానం వెనక్కి తీసుకుంటున్నానండీ." ఇంకా గొంతు పెంచాడు. "రికార్డు కోసం."

కామరాజు గారు బల్ల మీది కాగితాలను అవసరం లేకుండా మూడుసార్లు సర్దారు.

అందరూ వెళ్లాక మెట్ల దగ్గర ముషర్రఫ్ సాబ్‌ను ఆపి, ఉత్తరం ఆయన జేబులో పెట్టేశాను. "గిది నాకు అందలే సాబ్."

ఆయన అటూ ఇటూ చూసి టోపీ అంచు కొంచెం పైకెత్తారు. చెవి వెనక బఠాణీ గింజంత మిషన్.

"నా బిడ్డ యుస్రా తెచ్చి పెట్టింది. పదిహేను దినాలాయె. మస్తు ఇనవడుతున్నది. కింద కోచింగోళ్ల పాఠం సుత."

"మరి టోపీ ఎందుకు సాబ్? కామరాజు సార్‌కు చెప్పొచ్చు కదా!"

"ఎట్ల చెప్పాలె భాయ్? మూడేండ్ల సంది నా కోసం అందరితోని మాటలు పడ్డడు. నాకు తెల్వదనుకుంటున్నడు. ఇగ ఫికర్ లేదు అంటే, రేపటి సంది ఆయన ఏం చెయ్యాలె? ఎండాకాలం దాకా టోపీ ఉండనీ."

వెనక మెట్ల మీంచి కామరాజు గారి గొంతు. "ఏమంటున్నారు ముషర్రఫ్ గారు? తిరిగి చెప్పండి సురేందర్ గారూ, గట్టిగా!"

రెండేళ్లలో మొదటిసారి తప్పుగా తిరిగి చెప్పాను. "చాయ్ తాగుదామంటున్నరు సార్!"

ముషర్రఫ్ సాబ్ టోపీ చెవుల మీదికి లాక్కుని, నా పెదాల వైపు చూస్తున్నట్టు చూసి, మెట్లదారి మారుమోగేలా అన్నారు.

"అవును, అదే!"